నూట ఇరవై అట్టలు

నాకు ఓర్పు తక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళు హిందూపురంలో గవర్నమెంటు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఆ మాట ఇప్పుడు ధైర్యంగా ఒప్పుకోగలను. పెనుకొండలో సొంతిల్లు, నెలనెలా పెన్షను, కసురుకోవడానికి ఎదురుగా ఒక్క క్లాసు కూడా లేని సాయంత్రాలు. అలా ఉండగా ఒకరోజు ధర్మవరం నుంచి వెంకటలక్ష్మి అనే ఆవిడ వచ్చింది. నా పాత స్టూడెంటు ఎవరో నా పేరు చెప్పారట.

నలభై నాలుగేళ్ళ మనిషి. చెప్పులు గుమ్మం బయట వదిలి, కుర్చీ చూపించగానే మొహమాటపడకుండా కూర్చుంది.

"హిందూపురంలో కొత్తగా నేత నేర్పిచ్చే సెంటరు పెట్టినారు మేడమ్. టీచరు పని ఉండాది. ఒరిస్సా, అస్సాం, బెంగుళూరు నుంచి పిల్లోల్లు వస్తారంట, ఇంగ్లీషులో చెప్పల్ల. ఇద్దర్ని పిలిచినారు. నన్ను, ఇంకా దినేష్ అని డిప్లొమా చేసిన ఇరవై మూడేండ్ల పిల్లోన్ని. నెల దినాలు టైముండాది."

"నీకు ఇంగ్లీషు ఎంత వచ్చు?"

"ఏడో తరగతి దాకా వచ్చు. ఇరవై ఎనిమిదేండ్లుగా నేస్తాండా. నాకన్నా బాగా నేసేటోల్లు మా వీధిలోనే ఉండారు. ఇంకొకరికి చెప్పేకి వచ్చేటోల్లు మాత్రం తక్కువ. నాకు చెప్పేకి వస్తాది. ఆ పని నాకు కావల్ల."

ప్రాధేయపడటం లేదు, ఏడుపు లేదు. నచ్చింది నాకు. ఇరవై మూడేళ్ళ కుర్రవాడికి డిప్లొమా ఉందని, ఈమెకు ఇంగ్లీషు లేదని ఆ కుర్చీ అతనికి పోతే నాకే కడుపు మండుతుందనిపించింది. రేపటి నుంచే మొదలుపెడదామన్నాను.

రోజూ పొద్దున్నే పెనుకొండలో రైలెక్కి ధర్మవరం వెళ్ళేదాన్ని. వాళ్ళింట్లో ముందు గది నిండా మగ్గమే. వెనక గదిలో ఆమె అత్త సిద్దమ్మ మంచం. వెంకటలక్ష్మి భర్త ఓబులేసుది అట్టలు కొట్టే పని. చీర అంచులో నెమలి రావాలంటే ఆ నెమలి ముందు బెజ్జాలుగా అట్టల మీదికి ఎక్కాలి. అడ్డంగా పడే ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. వందల అట్టలను వరసగా దారంతో కుట్టి, చివరి అట్టను మొదటిదానికి కలిపి, మగ్గం పైన వేలాడదీస్తారు. కాలితో తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట తిరుగుతుంది.

వ్యాకరణం జోలికి పోకూడదని నేను మొదటి రోజే నిశ్చయించుకున్నాను. మగ్గం పనంతా ఇంగ్లీషులో చిన్న చిన్న మాటల జంటల్లో ఉంది. టై అప్, కట్ ఆఫ్, రోల్ అప్, పుల్ డౌన్. పుస్తకాలు వీటికి ఫ్రేజల్ వెర్బ్స్ అని పేరు పెట్టి, జాబితాలు వేసి, పిల్లల ప్రాణం తీస్తాయి. నేనూ తీశాను, అబద్ధం చెప్పను. కానీ వాటి పుట్టుక తెలిస్తే అంత భయం ఉండదు.

"వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన రాజులు ఇంగ్లండును గెలిచారు" అని చెప్పాను. "కోర్టు కచేరీల్లోకి వాళ్ళ పెద్ద పెద్ద మాటలు వచ్చాయి. మనకు దస్తావేజు, జమాబందీ, వకాల్తా వచ్చినట్టే. పొలంలో, వంటింట్లో, మగ్గం ముందు ఉన్న జనం మాత్రం తమ చిన్న మాటలు వదల్లేదు. పుట్, టేక్, గివ్, కట్. దాని పక్కన అప్ అనో, ఆఫ్ అనో ఒక ముక్క తగిలిస్తే కొత్త పని పుడుతుంది. చూడు అంటే ఏమిటి?"

"లుక్."

"చూసుకో అంటే?"

"ముసలామెను చూసుకో, పిల్లోల్ని చూసుకో అంటాం గదా."

"అదే లుక్ ఆఫ్టర్. నువ్వు వెనకాల 'కో' తగిలించావు, వాళ్ళు 'ఆఫ్టర్' తగిలించారు."

ఆమె పకపకా నవ్వింది. "అయితే మా అత్త దినామూ నాతో ఇట్లాంటివే మాట్లాడతాంది మేడమ్. పట్టుకో, ఇడ్సిపెట్టు, పెట్టేయ్, ఊరుకో."

"ఏమే, నా పేరెత్తుతాండావు?" అని లోపలినుంచి సిద్దమ్మ కేకేసింది.

ఇక నాకు పట్టపగ్గాల్లేవు. గివ్ అప్ అనేది ఒకప్పుడు శత్రువుకు కోట అప్పగించడమని చెప్పాను. పెనుకొండ కోట తాళాలు గెలిచినవాడి చేతిలో పెట్టడం లాంటిది. తర్వాత తర్వాత మనిషి ఆశను, అలవాటును వదులుకోవడానికీ అదే మాట వాడారు. పుట్ అప్ అంటే సంచిలో పెట్టుకోవడం, కత్తిని ఒరలో దోపుకోవడం. జేబులో ఏవేవో వేసుకున్నట్టు అవమానాన్ని కూడా వేసుకుని నోరుమూసుకుంటే అదీ పుట్ అప్పే. రెండొందల డెబ్భై ఏళ్ళ కిందట దానికి 'విత్' తోడై పుట్ అప్ విత్ అయింది, సహించడం అన్నమాట.

"అది ఇంగ్లీషు రాకున్నా నాకు వచ్చు మేడమ్" అంది వెంకటలక్ష్మి, పేక పోగును అటూ ఇటూ మోసే నాడె ఆపకుండానే.

మగ్గంలోనే ఉన్న రెండు మాటలు ఆమెకు మరీ నచ్చాయి. కర్రకు చుట్టి ఉన్న పడుగును, అంటే నిలువు పోగులను, కొంచెం కొంచెంగా వదలడం లెట్ ఆఫ్. నేసిన బట్టను ఇవతల కర్రకు చుట్టుకోవడం టేక్ అప్. ఇంగ్లండు మిల్లుల్లో మగ్గం భాగాలకు పెట్టిన పేర్లు ఇవే అంటే ఆమె నమ్మలేదు. ఇంత తేలికైన పేర్లు ఇంజనీర్లు పెడతారా అని అడిగింది.

మొదటి వారం చివర నేను నూట ఇరవై మాటల జాబితా ఇచ్చాను. ఓబులేసు దగ్గర వాడి పారేసిన అట్టలుంటే, ఒక్కో దాని వెనక ఒక్కో మాట రాసుకుని చదువుకోమన్నాను. నా మనవరాలికి పట్టణంలో ఇలాగే కార్డులతో నేర్పుతారు, మనకూ చేతిలో పనే కదా అనుకున్నాను.

అద్భుతం జరిగింది. ఇరవై రోజుల్లో నూట ఇరవై మాటలూ అర్థాలతో సహా ఆమెకు వచ్చేశాయి. నేస్తూనే చెప్పేది. కాలు పడితే మాట, నాడె పోతే అర్థం. ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు. హిందూపురం పాత స్నేహితులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. నా సర్వీసులో ఇంత బాగా నేర్చుకున్న పిల్ల లేదన్నాను. వాళ్ళలో ఒకావిడ, నేర్చుకుందా, బట్టీ పట్టిందా అని అడిగింది. ఆమెకు అసూయ అనుకుని ఫోన్ పెట్టేశాను.

ఇంటర్వ్యూకి నాలుగు రోజులుందనగా ఆమెను పెనుకొండ పిలిపించాను. మా హాల్లో బల్లకు అవతల నేను కూర్చుని, ఇవతల ఆమెను కూర్చోబెట్టి, ఇంగ్లీషులో అడిగాను. పడుగు పోగు తెగితే ఏం చేస్తావు?

ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. బల్ల కింద టక్ టక్ మని చప్పుడు. గోడ గడియారం సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది.

"టై అప్" అంది చివరికి, ఒడ్డుకు చేరినదానిలా.

ఇంకోటి అడిగాను. మళ్ళీ కళ్ళు మూత, మళ్ళీ టక్ టక్. వంగి బల్ల కింద చూశాను. అక్కడ లేని మగ్గం పలకను కుడికాలితో తొక్కుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మొదట్నుంచీ వస్తాండా మేడమ్. టై అప్ అరవై రెండోది."

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆమెను వెంటబెట్టుకుని మధ్యాహ్నం రైలుకే ధర్మవరం వెళ్ళాను. మగ్గం పక్కన గోడకు నా నూట ఇరవై మాటలూ వేలాడుతున్నాయి. చక్కగా దారంతో ఒకదానికొకటి కుట్టి, చివర ఉన్న క్యారీ ఆన్‌ను మొదట ఉన్న గెట్ అప్‌కు కలిపి, గుండ్రంగా దండ చేశాడు ఓబులేసు.

"ఏమప్పా ఓబులేసూ, దీన్ని కుట్టమని నీకెవరు చెప్పారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "కుట్టకుంటే వరస యాడుంటాది మేడమ్? ఇడి అట్టలు ఇంట్లో పెట్టుకుంటారా ఎవురైనా? ఒకటి ముందూ ఎనకా అయితే నెమలికి కాళ్ళు నెత్తినొస్తాయి."

ఆ మనిషి తప్పేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి అట్టనూ ఆయన కుడుతూనే ఉన్నాడు. కానీ అది ఆలోచించే ఓపిక నాకుంటే నేను నేనెందుకవుతాను? బల్ల మీది కత్తెర తీసుకుని దారాలన్నీ పరపరా కత్తిరించి, అట్టలు పేక ముక్కల్లా కలిపేసి, ఒక్కోటీ ఆమె ముందు పెట్టి అడగడం మొదలుపెట్టాను. వరస పోయేసరికి ఆమెకు వచ్చినవి కూడా పోయాయి. గెట్ అప్‌కు అర్థం అడిగితే నీళ్ళు నమిలింది. రెండు గంటలు అలా చిత్రవధ చేశాను.

"నేను పోను మేడమ్" అంది ఆఖరుకు. "ఆ పిల్లోనికే ఇయ్యనీ. నాకు మగ్గముండాది."

రైల్లో పెనుకొండ దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మగ్గం ముందు కూర్చున్న మనిషికి మగ్గం మాటలే నేర్పుతూ, వాటిని మగ్గం నుంచి విడదీసి జాబితా చేసింది ఎవరు? నేల విడిచి సాము చేయించింది నేను. ఓబులేసు కనీసం వాటికి ఒక వరసన్నా ఇచ్చాడు.

మర్నాడు వెళ్ళకూడదనుకున్నాను. ఎనిమిది గంటలకు ఫోన్.

"మేడమ్, రైలెక్కినారా? రాండి, చూద్దురు."

వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. అట్టలన్నీ ఇల్లంతా చెదిరి ఉన్నాయి, కానీ ఒక్కోటీ ఒక్కోచోట దారంతో కట్టి ఉంది. పడుగు చుట్టిన కర్రకు లెట్ ఆఫ్. బట్ట చుట్టే కర్రకు టేక్ అప్. నాడె పెట్టే గూటికి రన్ అవుట్, ఎందుకంటే అక్కడే జరీ అయిపోయేది. తెగిన పోగులు ముడివేసే చోట లుక్ ఫర్, పిక్ అప్, టై అప్, కట్ ఆఫ్ ఒకదాని కింద ఒకటి.

"చెయ్యి యాడ పోతే మాట ఆడ ఉండల్ల గదా మేడమ్" అంది. "నేసేటప్పుడు పోగు తెగితే మొదటి అట్ట నుంచి నేస్తామా? తెగిన కాడికే పోతాం. రాత్రి పండుకున్నాక తట్టింది. తెల్లారినాక మొదలుపెట్టి కట్టినా."

"మరి మగ్గంలో లేని మాటలు?"

ఆమె లోపలికి తీసుకెళ్ళింది. సిద్దమ్మ మంచం కోడుకు లుక్ ఆఫ్టర్. పొయ్యి దగ్గర పుట్ అవుట్. గుమ్మానికి కమ్ ఇన్, గో అవుట్. ఓబులేసు చొక్కా వేలాడే కొక్కేనికి పుట్ అప్ విత్.

"జేబులో ఏసుకునేది అన్యారు గదా" అంది, నవ్వు బిగపట్టి. ఓబులేసు ఆ చొక్కానే తగిలించుకుని, అట్ట మీద ఏముందో తెలియక, బాగుందా అని నన్నడిగాడు. చాలా బాగుందన్నాను.

మిగిలిన మూడు రోజులూ నేను నేర్పలేదు. ఆమె ఇల్లంతా తిరుగుతూ చెప్పింది, నేను వెనకాల తిరుగుతూ అడిగాను. కళ్ళు మూయడం ఆగిపోయింది.

గురువారం హిందూపురం. సెంటరు డైరెక్టరు రాఘవేంద్ర నలభై దాటని మనిషి, మర్యాదస్తుడు. నేను వెనక బెంచీలో కూర్చుంటానంటే సరేనన్నాడు. ఇంటర్వ్యూ అంటే పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించడమే. దినేష్ పాఠం ముందు అయిపోయింది. అబ్బాయి బొమ్మలు తెర మీద వేసి, గుక్క తిప్పుకోకుండా పదిహేను నిమిషాలు మాట్లాడాడు. మంచి ఇంగ్లీషు. ముందు వరసలో ఉన్న ఆరుగురు పిల్లలు తలలూపుతూ ఫోన్లు చూసుకున్నారు.

వెంకటలక్ష్మి లేచి గది చుట్టూ చూసింది. అక్కడ మగ్గం లేదు. అయితే ఆమె బల్లను గోడ దగ్గరకు జరిపింది, రెండు కుర్చీలు లాగింది, పిల్లల్ని పేరుపేరునా అడిగి లేపింది.

"దిస్ టేబుల్, వార్ప్ బీమ్. దిస్ చెయిర్, క్లాత్ బీమ్. యూ సిట్ డౌన్. యూ, లెట్ ఆఫ్. స్లో, స్లో! యూ, టేక్ అప్."

బల్ల పడుగు చుట్టే కర్ర అయింది, కుర్చీ బట్ట చుట్టే కర్ర. ఆమె తన సంచిలోంచి తీసిన పట్టు పోగులను ఒకమ్మాయి వదులుతోంది, ఒక అబ్బాయి చుట్టుకుంటున్నాడు. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. మధ్యలో రాఘవేంద్ర, పోగు తెగితే ఏం చేయాలని అడిగాడు. ఆమె చటుక్కున ఒక పోగును తానే తెంపింది.

"డోంట్ గెట్ అప్. డోంట్ పుల్. స్లో డౌన్. లుక్ ఫర్ టూ ఎండ్స్. పిక్ అప్. టై అప్. కట్ ఆఫ్ ఎక్స్‌ట్రా. క్యారీ ఆన్."

తెంపిన పోగును పిల్లల చేతనే ముడివేయించింది. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు. నేను ముప్పై ఒక్క ఏళ్ళలో అలాంటి క్లాసు ఎన్నిసార్లు చెప్పానో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అదీ ఒక చేతి వేళ్ళు చాలు.

అరగంట తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచారు. రాఘవేంద్ర ఆమెను మెచ్చుకున్నాడు. రూల్సు ప్రకారం టీచరు పోస్టుకు డిప్లొమా ఉంటే మంచిదని, పాఠాలు ఇంగ్లీషులో రాసి ఫైలు చేయాలని, అందుకని దినేష్ టీచరుగా, ఆమె అతనికి అసిస్టెంటుగా ఉంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుందని నిదానంగా ఇంగ్లీషులో చెప్పాడు. థాంక్యూ సర్ అనడానికి నేను నోరు తెరిచాను కూడా.

"నో సర్" అంది వెంకటలక్ష్మి. "అసిస్టెంట్, ఐ విల్ నాట్ టేక్ అప్. టేక్ మి ఆన్ ఫర్ టీచర్. ఆర్ ఐ గో బ్యాక్."

ఆలోచించి చెబుతామన్నారు. వరండాలోకి రాగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. "నీకేమైనా పిచ్చా? ముందు లోపల కాలు పెట్టు, తర్వాత చూసుకోవచ్చు. చేతిలోకి వచ్చింది ఎవరన్నా కాదంటారా?"

"మేడమ్, నేను నేసిన చీర కట్టుకున్నోల్లు ఎవురికీ నా పేరు తెలీదు. అంగడి పేరు తెలుసు. ఇరవై ఎనిమిదేండ్లు ఊరుకున్యా. ఈడ గూడా నేను నేర్పిచ్చేది ఇంకొకరి పేరుతో పోవాల్నంటే, దానికి మా ఇంట్లో మగ్గమే మేలు." ఆమె సంచి భుజాన వేసుకుంది. "ఆశ లేక కాదు. శానా ఆశ ఉండాది. అందుకే అడిగినా."

నాకు సిగ్గేసింది. అసిస్టెంటు అనగానే తల ఊపేది నేను, నాకు నేర్పడం వచ్చని చెప్పుకు తిరిగేదీ నేనే.

రాఘవేంద్ర తలుపు తీసుకుని తానే బయటికొచ్చాడు. ఈసారి తెలుగులో మాట్లాడాడు. "డిప్లొమా సంగతి నేను చూసుకుంటానమ్మా. క్లాసు మీరే చెప్పండి. దినేష్ కూడా మీ దగ్గర ఆర్నెల్లు కూర్చుంటానన్నాడు. కానీ పాఠాలు ఇంగ్లీషులో రాసివ్వాల్సిందే, అందులో నాకు వెసులుబాటు లేదు. మీరు రాయగలరా?"

వెంకటలక్ష్మి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నా వైపు చూపించింది.

"ఐ టెల్. మేడమ్ రైట్ డౌన్."

నన్నొక మాట అడగనైనా అడగలేదు. రిటైరైన ఇంగ్లీషు టీచరును, నాకు నలుగురిలో ఒక పరువుంది. తిరస్కరించడానికి కావలసినన్ని మాటలు నా నోటి దాకా వచ్చాయి. "రాస్తాను" అన్నాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు పెనుకొండలో రైలెక్కుతాను. ధర్మవరం నుంచి వచ్చే ఆ రైల్లోనే ఆమె నాకు సీటు ఆపి ఉంచుతుంది. సెంటరులో మగ్గాలు బిగించారు. ఆమె చెబుతుంది, పిల్లలతో పాటు దినేష్ చేస్తాడు, నేను పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుంటాను. మొదటి పాఠం రాసి ఆమెకు చదివి వినిపించినప్పుడు ఆమె మధ్యలో ఆపింది.

"పడుగు వదిలే కాడ ఏం రాసినారు?"

చూసుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? పడుగు బిగువును క్రమముగా తగ్గించవలెను అనే అర్థం వచ్చేటట్టు, కచేరీ ఇంగ్లీషులో, మూరెడు పొడవు మాటలతో ఒక వాక్యం రాసి పెట్టాను.

"నేను అట్ల చెప్పలేదు మేడమ్. లెట్ ఆఫ్, స్లో స్లో అని చెప్పినా. పాఠం మీద నా పేరుండాది గదా, నా మాటే రాయండి."

ఆ వాక్యం కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాశాను.